మంగళం పాడని మధ్యాహ్నం

బళ్ళారి సీమ మదరాసు నుండి విడివడి మైసూరు రాష్ట్రంలో చేరి ఒక తరం గడచి, ఆ మైసూరు సైతం తన పేరు విడిచి కర్ణాటకమై, తుంగభద్ర కాలువ పారినచోటెల్లా జొన్నచేలు వరిమళ్ళయి, సండూరు కొండల ఎర్రమన్ను లారీలకెక్కి ఏయే రేవులకో తరలిపోతూ, ఊరిలోని గోడలన్నీ సినిమా కాగితాలు కప్పుకొని, ఉన్నది ఉన్నట్టుగా ఏదీ నిలువని ఆ డెబ్బైల చివరి వేసవులలో, తండ్రి పెట్టిన పేరుతో, తండ్రి కూర్చున్న పీటతో, తండ్రి చెప్పిపోయిన కట్టుబాటుతో వెంట్రుకవాసి మార్పు లేకుండా మిగిలిన మనిషి కోట వీధిలో ఒక్కడే ఉండెను; ఆయన పురాణం కేశవమూర్తి.

కేశవమూర్తికి కథ చెప్పడమే వృత్తి. శ్రావణంలో బట్టల అంగళ్ళ సెట్లు తమ ఇళ్ళ నడవలలో చెప్పించుకొనేవారు. కార్తికంలో మల్లేశ్వరుని మంటపంలో చెప్పేవాడు. వేసవిలో కూరెకుప్ప, బండ్రి వంటి పల్లెలు పిలిస్తే ఎద్దుల బండి ఎక్కేవాడు. తెలుగులో ఎత్తుకొని కన్నడంలోకి జారి, మళ్ళీ తెలుగులో తేలడం ఆయనకు ఊపిరి తీసి విడిచినంత సులువు. తండ్రి ఆయనకు రెండు కట్టుబాట్లు పెట్టిపోయాడు. పీట ఎక్కేముందు విడిచిన చెప్పులు మంగళం పాడేదాకా కాలికి తగలరాదు. కథను అశుభమైన చోట ఆపి పీట దిగరాదు. ఏలికను అడవికి పంపిన పూట ఆపరాదు, చెరలో ఉన్న తల్లి కంట నీరు కారుతుండగా ఆపరాదు. గొంతు తెగినా సరే వారధి కట్టేదాకానో, పట్టాభిషేకం దాకానో, కనీసం ఒక దీపం వెలిగే చోటిదాకానో లాక్కొని పోవాలి. "వినేవాడు కథనంతా ఇంటికి మోయలేడురా, నువ్వు ఆపిన చోటును మాత్రమే మూట కట్టుకొని పోతాడు" అనేవాడు ఆ తండ్రి. ఒకసారి కూరెకుప్పలో గాలివాన పందిరిని ఎత్తుకుపోయినప్పుడు, చీలమండల లోతు నీళ్ళలో నిలిచి పట్టాభిషేకం ముగించి వచ్చిన ఘనుడు కేశవమూర్తి. "సింహాసనం సంగతేమో గానీ, మన పీట మాత్రం కాలువలో ఊరేగిందట" అని ఆయన భార్య సుందరమ్మ ఇరుగమ్మలకు చెప్పి నవ్వేది.

కాలక్రమాన నడవలు మూగవోయాయి. సెట్లు రేడియోలు కొన్నారు, సెట్ల పిల్లలు టాకీసులకు అలవడ్డారు. కార్తికంలో మంటపంలో ఇద్దరు ముసలమ్మలు, ఒక నిద్రపోయే పూజారి మిగిలారు. అటువంటి రోజులలో ఒక పూట, కుంబారగుడ్డ కొండ దిగువన టాకీసు నడుపుతున్న హొన్నప్ప స్వయంగా ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"స్వామీ, మోసపోతిని. బొంబాయోడు ఒక బొమ్మ అంటగట్టినాడు. ఇంగ్లీషు కాదు, హిందీ కాదు, ఏ దేశపు భాషో ఆ దేవునికే ఎరుక. నిన్న మొదటి ఆట వేస్తే జనం కుర్చీలు యిరగ్గొట్టిరి. మాటలు తెలియకుంటే పోనీ, కథైనా తెలియల్ల కదా!"

"నన్నేం చేయమంటావప్పా?"

"తెర పక్కన కూచోని కథ చెప్పు. మైకు ఇస్తా. నీకు ఏది తోస్తే అది చెప్పు, మన జనానికి అర్థమైతే సాకు, అంతే చాలు."

లోపలి నుండి సుందరమ్మ గొంతు వచ్చింది. "పురాణం చెప్పిన నోటితో దొరసానుల బొమ్మకు వంత పాడతారా? చాలా బాగుందండీ. గెజ్జెలు కూడా కట్టుకొని పోండి!"

హొన్నప్ప తల వంచుకొన్నాడు. కేశవమూర్తి "వినేవాళ్ళున్న చోటే మంటపం సుందరీ" అని, మరునాటి మధ్యాహ్నం ఆటకు చంకలో పీట పెట్టుకొని బయలుదేరాడు.

ఆ బొమ్మ చిత్రమైనది. అందులో ఒక మహానగరం ఉంది. ఆ నగరంలో సూర్యుడు లేడు. వానకు తడిసిన వీధులు, నిలువెత్తు అద్దాలు, ఎవరూ దిగని రైళ్ళు. ఒక సందులో ముఖాలమ్మే అంగడి. చీలలకు చొక్కాలు వేలాడినట్టు ముఖాలు వేలాడుతుంటాయి. ఒక మనిషి వచ్చి తన ముఖం ఇచ్చి వేరొకటి తొడుక్కొని పోతాడు. మేడ మీద కిటికీలో ఎర్రచీర వంటిది కట్టిన ఒక స్త్రీ ఉంటుంది. ఆమె కోసం అతడు ముఖం మీద ముఖం మారుస్తాడు. ప్రతి ముఖాన్నీ ఆమె కొత్తవాడిని చూసినట్టే చూస్తుంది. చివరకు విసిగి, నా ముఖం నాకిమ్మని అంగడివానిని అడిగితే, అది ఎప్పుడో అమ్ముడుపోయిందంటాడు. అప్పుడు ఆ మనిషి నగరం నడుమనున్న గడియారపు బురుజు ఎక్కి, అంచున నిలబడి, దూకుతాడు. తెర నల్లబడుతుంది. అంతే.

కేశవమూర్తి ఆ నగరానికి గంధర్వనగరమని పేరు పెట్టాడు, ఆ మనిషికి అనామకుడని. అంగడివాడు కలి. కిటికీలోని స్త్రీ తృష్ణ. జనం మొదట నవ్వారు, రెండవనాడు విన్నారు, మూడవనాడు ఏడ్చారు. బురుజు దగ్గర మాత్రం ఆయనకు పెద్ద చిక్కు వచ్చిపడింది. తెర మీద మనిషి పడిపోతుంటే పీట దిగడమెట్లా? అందువల్ల తెర నల్లబడిన తరువాత కూడా ఆయన గొంతు ఆగేది కాదు. "పడింది అనామకుడు కాదయ్యా, అరువు ముఖం! చూడండి, అతడు మెట్లు దిగుతున్నాడు. తూర్పు తెల్లవారుతోంది. వాకిట ముగ్గు వేస్తున్న తల్లి తలెత్తి, ఒరే నాయనా అంటూ అసలు పేరుతో పిలుస్తోంది!" అని చెప్పి మంగళం పాడేవాడు. చీకటి తెరకే జనం చప్పట్లు కొట్టి, హారతి పళ్ళెంలో చిల్లర వేసి పోయేవారు.

ఒక్క మనిషి మాత్రం చప్పట్లు కొట్టేవాడు కాదు.

అతడు దూది మిల్లు కూలి. జుట్టు మీద, కనురెప్పల మీద సన్నని దూది నూగు. రాత్రిపాళి ముగించి, నిద్ర మానుకొని, రోజూ మధ్యాహ్నం ఆటకు వచ్చి ఎడమ స్తంభం పక్కన నేల టికెట్టులో కూర్చొనేవాడు. పేరు సిద్దప్ప అని గేటు దగ్గరి ఉరుకుందప్ప చెప్పాడు. ఒకనాడు ఆట విడిచాక, కేశవమూర్తి బయటి అంగట్లో టీ తాగుతుండగా అతడే దగ్గరికి వచ్చాడు.

"స్వామీ, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నువ్వు తెల్లారింది అంటావు. బొమ్మలో యాడ తెల్లారింది? నా కండ్లకు కనపడ్లేదే."

"కంటికి కనపడేదంతా కథ కాదప్పా."

"అది సరే. ఆ బురుజు ఎంత ఎత్తు ఉండొచ్చు? మన కుంబారగుడ్డంత ఉంటాదా?"

"ఎందుకప్పా ఆ లెక్క?"

"సుమ్నే, ఊరికే అడిగితి." అతడు టీ గ్లాసును వేళ్ళ మధ్య తిప్పుతూ నవ్వాడు. "దూకేదానికి ముందు ఆయప్ప మొగంలో ఒక నెమ్మది వస్తాది, చూస్తివా స్వామీ? అంతసేపు బొమ్మలో యాడా ల్యాని నెమ్మది. నేను దానికోసమే వస్తాండా."

ఆ మాట కేశవమూర్తి గుండెలో ముల్లై దిగింది. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చొన్నాడే గాని ముద్ద దిగలేదు. సుందరమ్మ అడిగితే చెప్పాడు. ఆమె పరిహాసం మాని, "రేపు ఆట అయ్యాక ఆ బిడ్డను ఇంటికి పిలుచుకొని రండి. ముందు అన్నం పెడదాం, మాట తరువాత" అంది.

రేపు ఆ వరుసలో జరుగలేదు.

బళ్ళారి ఎండను గురించి బళ్ళారి వారికి చెప్పనక్కరలేదు. ఆనాటి ఎండకు కాకులు సైతం అరవడం మానాయి. టాకీసులో జనం కిక్కిరిశారు. కథ సాగింది. అంగడివాడు 'నీ ముఖం అమ్ముడుపోయింది' అన్నాడు. అనామకుడు బురుజు మెట్లెక్కాడు. అంచున నిలిచాడు. అతని ముఖంలోకి ఆ నెమ్మది మెల్లగా రాసాగింది. కేశవమూర్తి ఓరకంట స్తంభం వైపు చూశాడు. సిద్దప్ప మోకాళ్ళ మీద లేచి ఉన్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.

పంకాలు ఆగాయి, మైకు మూగబోయింది, బురుజు అంచున నిలిచిన మనిషి నిలిచినట్టే చీకటిలో కలిసిపోయాడు. జనం ఈలలు వేసి, ఊపిరాడక తలుపుల వైపు తోసుకొన్నారు. కేశవమూర్తి ఒట్టి గొంతుతోనే అందుకొన్నాడు. "పడింది అనామకుడు కాదయ్యా..." ఆ రొదలో అది ఆయన చెవికే వినపడలేదు. హొన్నప్ప పరుగున వచ్చి భుజం పట్టుకొన్నాడు.

"స్వామీ, గొంతు చించుకోవద్దు! ఎవరు వింటాండారు? కరెంటు వస్తే ఈడ నుంచే మళ్ళా వేస్తా. కూచో, నీళ్ళు తాగు."

ఆయన పీట దిగలేదు. ఆ చీకటిలో, తలుపు సందులనుండి పడిన వెలుగులో, జనమంతా బయటికి పోతుంటే ఒక మనిషి మాత్రం తెర వైపు రావడం చూశాడు. వచ్చి, హారతి పళ్ళెంలో ఏదో ఉంచి, చేతులు జోడించి, పక్క తలుపున వెళ్ళిపోయాడు. చిల్లర పడిన చప్పుడు కాదది. కేశవమూర్తి వంగి పళ్ళెం తడిమాడు. ఇత్తడి బిళ్ళ. మిల్లులో కూలి మెడలో వేసుకొనే నెంబరు బిళ్ళ. అది లేనిదే మిల్లు గేటు దాటనీయరు. రాత్రి పనికి పోవలసినవాడు దానిని పళ్ళెంలో వేసిపోయాడంటే, ఈ రాత్రి అతనికి లేదన్నమాట.

కథ ఎక్కడ ఆగిందో ఆయనకు అప్పుడు తట్టింది. ఆ మనిషి మూట కట్టుకొని పోయిన చోటు ఏదో తట్టింది.

బిళ్ళ పిడికిట పట్టుకొని ఆయన లేచాడు. గడప దగ్గర చెప్పులు ఉన్నాయి. కాలు అటు పోబోయి ఆగింది. మంగళం కాలేదు. కథ ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన చెప్పులను దాటి ఎండలోకి దిగాడు.

"ఉరుకుందప్పా! ఆ సిద్దప్ప ఎటు పోయినాడు?"

"గుడ్డ పక్కకు పోయినాడు స్వామీ. ఈ ఎండలో గుడ్డకెందుకు అంటే, గాలికి అనె. అయ్యో, కాళ్ళకు చెప్పులు ల్యావు, యాడికి పోతావు స్వామీ? స్వామీ!"

కుంబారగుడ్డను ఎరుగని వారికి ఒక మాట. ఊరికి ఒక పక్కనుండి చూస్తే ఆ కొండ వెల్లకిలా పడుకొన్న మనిషి ముఖంలా కనిపిస్తుంది. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం. దగ్గరికి పోతే ముఖం ఉండదు, ఒట్టి బండలుంటాయి. ఆ బండల మీద మధ్యాహ్నపు ఎండలో జొన్నరొట్టె కాల్చుకోవచ్చునని ఊరివారు అంటారు. అరవై దాటిన కేశవమూర్తి, జీవితమంతా పీట మీద మఠం వేసుకొని మోకాళ్ళు బిగిసిన మనిషి, ఆ బండలను వట్టి కాళ్ళతో ఎక్కాడు. ఎక్కుతూ చెబుతూనే ఉన్నాడు. "అనామకుడు నిలిచాడయ్యా, బురుజు మీద నిలిచాడు. గాలి వీచింది..." గొంతు ఎండింది. ఈ కథ ఎవరికోసమో వారు ఇంకా వింటున్నారన్న ఆశ ఒక్కటే మిగిలింది. ఒక బండ మీద జారి మోచేయి గీరుకొంది. మల్లేశ్వరా, గొంతు ఇచ్చినవాడివి ఇంకొంచెం ఇవ్వు, అనుకొన్నాడు.

ముఖానికి ముక్కు అనదగిన చోట, బండ అంచున, సిద్దప్ప కూర్చొని ఉన్నాడు. కాళ్ళు అవతలికి వేలాడుతున్నాయి. కింద ఊరు తెల్లగా మండుతోంది.

"సిద్దప్పా!"

అతడు తిరుగలేదు.

"సిద్దప్పా, ఇట్ల చూడప్పా."

"ఆ పేరుతో పిలవద్దు స్వామీ. దానికి పలికి పలికి నాకు సాకైపోయింది. సిద్దప్ప ఎప్పుడో సచ్చిపోయినాడు."

కేశవమూర్తి ఉన్నచోటనే ఆగాడు. ఇంకొక అడుగు వేస్తే ఏమవుతుందో తెలియదు. వేయకపోతే ఏమవుతుందో తెలియదు. "మరి నువ్వెవరప్పా?" అన్నాడు, నడవలో తొలిసారి కథకు వచ్చిన శ్రోతను అడిగినంత మెల్లగా.

అతడు ఊరివైపే చూస్తూ చెప్పాడు. సిద్దప్ప అతని అన్న. మిల్లులో పర్మనెంటు పని ఆ అన్నకే ఉండేది. జ్వరం వచ్చి అన్న చనిపోయిన వారం, మేస్త్రీ ఇంటికి వచ్చి, బిళ్ళ పోతే పని పోతాది, తమ్ముడు కూడా అట్లే ఉండాడు కదా, రేపటినుంచి వీడే సిద్దప్ప అన్నాడు. ఇంట్లో జొన్నగింజ లేదు. తల్లి కెంచమ్మ తలూపింది. వీధికి తెలియాలి కదా; చనిపోయింది చిన్నోడు ఎర్రిస్వామి అని చాటారు.

"బతికినోడు సిద్దప్ప, సచ్చినోడు ఎర్రిస్వామి. నేనే ఎర్రిస్వామి స్వామీ. పెద్దల అమావాస్యకు ఏటేటా మా యమ్మ నాకు ఎడ, అదే సచ్చినోళ్ళ ఆకు, పెడతా వచ్చె. వీధి చూస్తాంటాది కదా, పెట్టకుంటే ఎట్ల? ఆకులో నాకు ఇష్టమని బెల్లం ఓళిగ పెట్టి, ఎర్రిస్వామీ తినిపో నాయినా అని ఏడ్చేది. నేను పక్కన నిలబడి, నాకు నేను నీళ్ళు వదిలేది. కాకి వచ్చి నా కూడు తినేది. నాకు పెండ్లి కూడా సిద్దప్ప పేరుతోనే ఆయె. పెండ్లానికి తెల్దు. కూతురికి తెల్దు. రాత్రి అందరూ పండుకొన్నాక మా యమ్మ మాత్రం చెవిలో, ఎర్రీ, అన్నం తింటివా, అని అడిగేది. అదొక్కటే నా పేరు పిలుపు. పోయిన నెల ఆయమ్మ కూడా పోయె."

గాలి లేదు. కింద ఎక్కడో రైలు కూత.

"ఇప్పుడు ఎర్రిస్వామి అని పిలిచే నోరు ఈ లోకంలో ఒక్కటీ ల్యాదు స్వామీ. ఆ అంగడోడు సరిగ్గానే చెప్పినాడు. నా మొగం అమ్ముడుపోయింది."

కేశవమూర్తికి శాస్త్రం తెలుసు, శ్లోకం తెలుసు. ఆత్మకు నామరూపాలు లేవని నలభై ఏళ్ళు చెప్పిన నోరు అది. పేరు కోసం చచ్చేవాడి ముందు, పేరు మిథ్య అని ఎట్లా అనడం? బండ కాళ్ళను కాల్చేస్తోంది. ఆయన ఒక కాలు ఎత్తి, దానిని దించి, రెండవది ఎత్తాడు.

ఆ చప్పుడుకు ఎర్రిస్వామి మొదటిసారి తల తిప్పాడు. ముసలాయన ఎగిరి ఎగిరి అడుగులు మార్చడం చూశాడు. అతని నోటినుండి తనకు తెలియకుండానే సగం నవ్వు వచ్చింది.

"ఏంది స్వామీ అది? తాళం ల్యాకుండా ఆడ్తాండావు?"

"నీ కథకు ఇదే తాళమప్పా."

"చెప్పులు యాడ?"

"టాకీసులో."

"ఏం మనిషివి నువ్వు! ఈ బండమీద... ఇదో, నావి తొడుక్కో." అతడు పక్కన విడిచిపెట్టిన టైరు చెప్పులను వెనక్కి తోశాడు.

కేశవమూర్తి వాటిని ముట్టలేదు. "మంగళం పాడంది కాలికి చెప్పు తగలకూడదప్పా. మా నాయన పెట్టిన కట్టు."

"అయితే పాడు!"

"బురుజు మీద మనిషి నిలబడి ఉండగా మంగళం ఎట్ల పాడేది?"

ఎర్రిస్వామికి కోపం వచ్చింది. "రోజూ పాడేవాడివే కదా! మెట్లు దిగినాడు, తెల్లారింది, అమ్మ పిలిచింది అని. అదే చెప్పి, పాడి, చెప్పులేసుకొని పో. నీ కాళ్ళు బొబ్బలెక్కిన పాపం నాకెందుకు?"

"అది నీకు నచ్చని ముగింపు. వినేవాడు ఒప్పని ముగింపుతో నేను పీట దిగేది ఎట్ల? పైగా నేను ఆ బొమ్మను సరిగ్గా చూడనేలేదు. తెర పక్కన కూర్చొంటే బొమ్మ వంకరగా, సాగిపోయి, దయ్యంలాగ కనపడ్తుంది. నేను మీ ముఖాలు చూసి కథ చెప్తిని. ఎదురుగా కూర్చొని చూసినవాడివి నువ్వు. నాకన్న ఎక్కువ తెలిసినవాడివి నువ్వు. కాబట్టి నువ్వు చెప్పు. ఆయప్ప నిలబడి ఉన్నాడు. తరువాత?"

"నాకు కథలు రావు."

"రాకుంటే నిదానంగా చెప్పు. నేను నిలబడే ఉంటా."

ఆయన నిలబడే ఉన్నాడు. అడుగులు మార్చడం కూడా మానేశాడు, ఓపిక అయిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. ఎర్రిస్వామి ఆ కాళ్ళ వైపు చూశాడు, ఊరి వైపు చూశాడు, మళ్ళీ కాళ్ళ వైపు చూశాడు. బండ మీద ఆయన ఎక్కివచ్చిన దారిలో అక్కడక్కడ తడి మరకలు ఉన్నాయి. అవి చెమటవి కావు.

"ఆయప్ప..." అన్నాడు ఎర్రిస్వామి. "ఆయప్ప దూకడు. దూకల్లనే వచ్చినాడు గానీ, ఎవరో ముసలోడు ఒకడు వెనకాల వచ్చి పరేశాన్ చేస్తాంటాడు."

"ఊఁ."

"ఊఁ అంటావేంది! ఆయప్ప లేస్తాడు." అతడు కాళ్ళు ఇవతలికి తీసుకొన్నాడు. బండ మీద చేయి పెట్టి లేచి నిలబడ్డాడు. అంచుకు, అతనికి నడుమ జానెడు చోటుంది. "లేచి... ఆ అంగడికి మళ్ళా పోడు. ఆ ఎర్రచీర ఆమె దగ్గరికీ పోడు. ఇంటికి పోతాడు."

"ఊఁ."

"పెండ్లానికి చెప్తాడు. ఇదో, నా పేరు ఇది, నేను ఇన్నేండ్లు సచ్చి బతికినా అని. ఆయమ్మ..." అతడు ఊరివైపు చూశాడు. "ఆయమ్మ ఏమంటాదో నాకు తెల్దు స్వామీ. తరిమేస్తాదేమో."

"తెలియకుంటే తెలియదనే చెప్పు. తెలియనిది అశుభం కాదప్పా. ఆడ ఆపవచ్చు. వాకిట్లోకి వచ్చి తలుపు తట్టే చోట ఆపవచ్చు."

"తట్తాడు. తలుపు తట్తాడు. సాల్నా?"

"చాలు నాయనా" అని కేశవమూర్తి మోకాళ్ళ మీద కూలిపోయాడు.

ఎర్రిస్వామి అంచు విడిచి ఒక్క దూకున వచ్చి పట్టుకొన్నాడు. అరికాళ్ళు చూసి, "అయ్యో శివనే!" అని, మూటను ఎత్తినట్టు ఆయనను వీపున ఎత్తుకొన్నాడు. దూది బోరాలు మోసిన వీపు అది. దిగుతూ ఒక్కచోట, "బరువున్నానా?" అని అడిగాడు పెద్దాయన. "కథ చెప్పేటోళ్ళు గాలి తిని బతుకుతారు అనుకొంటి. మీ ఇంటామె చేతి అన్నం గట్టిదే" అన్నాడు మోసేవాడు.

కొండ దిగువ ఒక చలివేంద్రం ఉంది. అక్కడ లక్ష్మక్క అనే ముసలమ్మ కుండనీళ్ళు పోసేది. ఆమె ఆయన అరికాళ్ళ మీద నీళ్ళు పోస్తుండగా, కేశవమూర్తి చేతులు జోడించి మంగళం ఎత్తుకొన్నాడు. గొంతు బొంగురుపోయింది, శ్రుతి లేదు, తాళం లేదు, వినేవారు ఇద్దరు. మంగళం చివర కథ చెప్పించిన గృహస్థును పేరెత్తి ఆశీర్వదించడం ఆచారం. సెట్ల నడవలలో ఆయన ఎన్ని పేర్లు చెప్పలేదు! ఇప్పుడు పిడికిలి విప్పి, ఇత్తడి బిళ్ళను అతని చేతిలో పెట్టి, ఎలుగెత్తి అన్నాడు.

"శివగోత్రోద్భవస్య, ఎర్రిస్వామి నామధేయస్య, ధర్మపత్నీ సమేతస్య, సహకుటుంబస్య, ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధిరస్తు!"

ఎర్రిస్వామి నేల మీద కూర్చొని, రెండు చేతులతో ముఖం కప్పుకొని, చిన్నపిల్లవాని వలె వెక్కి వెక్కి ఏడ్చాడు. లక్ష్మక్క కుండ పట్టుకొని తెల్లబోయింది. "ఎర్రిస్వామా? పేరు బాగుండాది కదప్పా, ఏడ్సేదెందుకు?" అంది.

మంగళం అయ్యింది. ఉరుకుందప్ప టాకీసు నుండి చెప్పులు తెచ్చి పెట్టాడు. అరికాళ్ళ నిండా బొబ్బలు. చెప్పు తొడగడానికి చోటు లేదు. కట్టుబాటు తీరిన మొదటి క్షణంలో ఆయన చెప్పులను చంకలో పెట్టుకొని జట్కా ఎక్కాడు.

అనామకుడు తట్టిన తలుపు తెరుచుకొందా అని అడిగేవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎర్రిస్వామి భార్య దురుగమ్మ చేతిలోని చెంబును గోడకు కొట్టింది. "ఇన్నేండ్లు సచ్చినోనికి సంసారం చేస్తినా నేను? మీ యమ్మ ఎడ పెట్టిన ప్రతిసారీ నేను కూడా ఏడిస్తి కదా, యా ఎర్రిస్వామి కోసం ఏడిస్తి?" అని కూతురిని తీసుకొని పుట్టింటికి పోయింది. మిల్లులో బిళ్ళ అప్పగిస్తే పని పోయింది. అతడు తోరణగల్లు పక్కన ఎర్రమన్ను లారీలకు ఎత్తే పనికి కుదిరాడు. అక్కడ మేస్త్రీ పేరడిగితే తన పేరే చెప్పుకొన్నాడు. జొన్నకోతలకు ముందు, పెద్దల అమావాస్యనాడు, దురుగమ్మ పిలవకుండానే తిరిగి వచ్చింది. పొయ్యి రాజేసి ఓళిగలు చేసి, ఎడ పెట్టి, "సిద్దప్ప బావా, తినిపో" అని చనిపోయినవానిని అతని పేరుతోనే పిలిచింది. తరువాత మరొక ఆకు వేసి, వాకిట నిలబడి ఉన్న మనిషిని ఏ పేరుతోనూ పిలవక, "రా, చల్లారిపోతాది" అంది. ఆనాటినుండి ఆ ఇంట బతికినవాడికి పిండం పెట్టలేదు.

బొమ్మ ఎప్పుడో బొంబాయి చేరింది. హొన్నప్ప తరువాత తెలుగు బొమ్మలే వేశాడు, కేశవమూర్తికి పని లేకపోయింది; అయినా ప్రతి కార్తికంలో మంటపానికి ఒక లారీ మనిషి, భార్య, కూతురు వచ్చి ముసలమ్మల పక్కన కూర్చొనసాగారు. సుందరమ్మ వారికి అన్నం పెట్టనిదే పంపలేదు. కేశవమూర్తి అరికాళ్ళలో ఆ మచ్చలు ఈనాటికీ ఉన్నాయి. చలికాలంలో సలుపుతాయని గొణుగుతాడు. పీట మాత్రం మధ్యలో దిగడు.

ఆ గొంతును మల్లేశ్వరుడు పదికాలాలు తడిగా ఉంచుగాక. ఆయన చెప్పిన ప్రతి కథా దీపం ఉన్న చోటనే ఆగుగాక. సుందరమ్మ పసుపుకుంకుమలు, ఆమె పరిహాసము, ఆమె పొయ్యి మీది ఎసరు తరుగకుండుగాక. ఆ గడప దాటి వచ్చిన వారెవరైనా తమ సొంత పేరుతో పిలువబడి, కడుపు నిండి, చల్లని కాళ్ళతో ఇల్లు చేరుదురుగాక.